సింహాచలం నడక

ప్రతి శనివారం పదకొండు కొట్టేసరికి పైడితల్లి ఆసుపత్రి మూడో అంతస్తు మెట్ల దగ్గర చెప్పులు విడిచి, పంపు కింద కాళ్లు కడుక్కుని మరీ వాల్వుల బ్యాంకులోకి వచ్చేది. కాళ్లు కడుక్కోమని ఎవరూ చెప్పలేదు. లోపలికి వెళ్లే ముందు ఆమెకు గౌనూ, టోపీ, ముక్కుకు గుడ్డా తొడిగేసరికి సీనియర్ టెక్నీషియన్ వరహాలుకు తల ప్రాణం తోకకొచ్చేది.

"అప్పా, జుట్టంతా టోపీలోకి వెళ్లాలి. చెవులు కూడా," అనేది వరహాలు, అక్కను పిలిచినట్టు.

"చెవులు మూసీస్తే మరి నానేటి ఇంటానమ్మా?"

దాంతో వరహాలు టోపీ అంచు పైకి మడిచేది. చెవులు వదిలేసి, ఆమెను ఏడో సీసా ముందు స్టూలు మీద కూర్చోబెట్టేది. గులాబీ రంగు ద్రవంలో ఉంగరమంత వెడల్పున చిన్న గొట్టం ముక్క. దాని లోపల మూడు పల్చటి రేకులు తెరుచుకుంటూ, మూసుకుంటూ ఉండేవి. సీసాకు అతికించిన మైకు నుంచి వచ్చే తీగను వరహాలు ఆమె చెవుల్లో పెట్టేది. పైడితల్లి కళ్లు మూసుకునేది. పదిహేను నిమిషాలు కదిలేది కాదు. లేచేటప్పుడు మాత్రం, "ఎలాగున్నాడు?" అని అడిగేది.

"బాగున్నాడు," అనేది వరహాలు. మొదటి శనివారం నోరు జారి అన్న మాట అది. బాగుంది అనబోయి బాగున్నాడు అంది. పైడితల్లి మొహం వెలిగిపోవడం చూశాక ఇక దిద్దుకోలేకపోయింది.

ఆ సీసాలో ఉన్నది పైడితల్లి భర్త సింహాచలం గుండెలోని వాల్వు. చేపల రేవులో క్రేను నడిపేవాడు. మనిషి పోయాక ఆ వాల్వును దానం ఇచ్చారు. ఇదివరకు ఇలాంటివాటిని గడ్డకట్టించి దాచేవారు. ఆకారం మిగిలేది గాని లోపలి కణాలు చచ్చిపోయేవి. చిన్నపిల్లల గుండెలో పెడితే పిల్లలు ఎదిగేవారు, వాల్వు ఎదిగేది కాదు. నాలుగైదేళ్లకు బిరుసెక్కిపోతే మళ్లీ ఛాతీ కోయాల్సి వచ్చేది. కణాలను బతికించడానికి డాక్టర్ మృణాళిని పదకొండేళ్లు తంటాలు పడింది. ఏ ద్రవంలో పెట్టినా, ఏ పంపుతో ఆడించినా తొమ్మిదో రోజుకు చచ్చిపోయేవి. విసిగి వేసారి ఒకసారి పంపును గడియారం లెక్కన కాకుండా, ఆ చనిపోయిన మనిషికే ఆసుపత్రిలో తీసిన గుండె రికార్డు ప్రకారం ఆడించింది. తొమ్మిదో రోజు గడిచింది. తొంభయ్యో రోజూ గడిచింది. కణాలకు కావలసింది తిండి ఒక్కటే కాదు, అలవాటైన గుండె చప్పుడు కూడా అని అప్పుడు తెలిసింది.

బ్యాంకులో అందరూ దాన్ని నడక అనేవారు. "మూడో సీసాకి నడక పెట్టావా?" "ఆరో దాని నడక కొంచెం తొందర." ఇరవై సీసాల్లో ఇరవై మంది చనిపోయినవాళ్ల నడకలు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఆ గదిలో ఒంటరిగా ఉండడానికి జంకేవారు. నడక పెట్టడానికి రెండే నియమాలు. ఉదయం నడక ఉదయమే, సాయంత్రం నడక సాయంత్రమే నడవాలి. రెండోది, మనిషి పోవడానికి ముందరి ఆరు గంటల రికార్డూ కత్తిరించెయ్యాలి. "కణాలకు చావు నేర్పకండి," అనేది మృణాళిని. ఆవిడ నవ్వకుండా చెప్పే మాటల్లో అదొకటి.

దానం ఇచ్చిన కుటుంబాలకు ఆవిడే ఉత్తరం రాసేది. మీ వారి గుండె కవాటంలోని కణాలు నేటికీ సజీవంగా ఉన్నాయి అని. మర్యాదకు రాసిన మాట. పైడితల్లి దాన్ని పక్కింటి టీచరు చేత మూడుసార్లు చదివించుకుంది. ఆ తరువాత మొగుడికి దినం పెట్టనంది. బావలూ మరుదులూ వచ్చి కూర్చుని, "మనిషిని మన సేతుల్తోనే కాల్చీసినాం కదే," అని నచ్చజెప్పారు.

"సజీవం అని రాసినారు. అంత సదువుకున్న డాక్టరమ్మ అబద్ధం రాస్తాదేటి?" అంది ఆమె. దాంతో అందరూ లేచి వెళ్లిపోయారు.

క్యాంటీన్లో వరహాలు ఈ సంగతి చెప్పి నవ్వించేది. తన కూతురి ఆరోగ్యం మరీ చెడిన తరువాత చెప్పడం మానేసింది.

చందనకు పదమూడేళ్లు. ఏడేళ్లప్పుడు వచ్చిన జ్వరం కీళ్లను వదిలి గుండెను పట్టుకుంది. అప్పటి నుంచి వరహాలు రోజూ రాత్రి పిల్ల ఛాతీ మీద చెవి ఆనించి విని గాని పడుకునేది కాదు. ఆ చప్పుడు ఆమెకు కంఠతా వచ్చు. ఇప్పుడు చందన క్వార్టర్సు మెట్లు ఒక్క వరస ఎక్కేసరికి పెదవులు నల్లబడుతున్నాయి. ఇనుప వాల్వు పెడితే జన్మంతా రక్తం పల్చబడే మందులు. పాతరకం వాల్వు పెడితే ఈ ఒంట్లో మరో రెండు ఆపరేషన్లు తట్టుకునే సత్తువ లేదు. బతికున్న వాల్వే కావాలి, అదీ సరిపడే కొలతలో. ఇరవై సీసాల్లోనూ సరిపోయింది ఏడోది ఒక్కటే. నాలుగు నెలలు దాటనివ్వొద్దని సర్జను చెప్పాడు.

పైడితల్లికి ఆ సంగతి తెలియదు. చెప్పే ధైర్యం వరహాలుకు లేదు.

ఇది జరిగిన కొద్ది రోజులకే, చందన రక్తపరీక్ష రిపోర్టు కోసం ఒక మంగళవారం వరహాలు నాలుగు దాటినా ఉండిపోయింది. మామూలుగా ఆమె డ్యూటీ మూడున్నరకే అయిపోతుంది. ఊరికే కూర్చోలేక సీసాలు తుడుస్తోంది. ఏడో సీసా దగ్గరకు వచ్చేసరికి రేకులు వణకడం కనిపించింది. గోడ గడియారంలో నాలుగూ ఎనిమిది. వణుకు ఎక్కువైంది. నాలుగూ పదికి రేకులు మూసుకుని అలాగే ఉండిపోయాయి. ద్రవం కదల్లేదు. వరహాలు లెక్కపెట్టింది. పన్నెండు సెకన్లు. ఆ తరువాత ఏమీ ఎరగనట్టు మళ్లీ మొదలైంది.

పంపులో లోపమనుకుంది. మరునాడు చూస్తే ఏమీ లేదు. గురువారం నాలుగూ పదికి మళ్లీ అదే జరిగింది.

అప్పుడు ఫైలు తీసింది.  ఆ వైపు ఊళ్లలో దేవుడి కొండ పేరు ఆడా మగా అని చూసుకోకుండా పెట్టేస్తారు. ఒకే వీధిలో సింహాచలం తాతా, సింహాచలం కోడలూ, సింహాచలం మేష్టారూ ఉంటారు. పిలిస్తే ముగ్గురూ పలుకుతారు. ఆ వారం ఐసీయూలో బి. సింహాచలాలు ఇద్దరున్నారు. ఒకరు బంటుపల్లి సింహాచలం, క్రేను నడిపే మనిషి. రెండు మంచాల అవతల బొడ్డు సింహాచలం, బడిలో వంటచేసే ఆవిడ. ఇద్దరూ వాల్వులిచ్చారు. ఆవిడ పోయింది సోమవారం తెల్లవారుజామున అయిదింటికి. ఆయన పోయింది ఆదివారం సాయంత్రం నాలుగూ పదికి. వరహాలు ఆవిడ పోయిన వేళ రాసిన ఒకే చీటీ చూసి ఇద్దరి రికార్డులూ కత్తిరించింది. సోమవారం అయిదు నుంచి ఆరు గంటలు వెనక్కి, ఆదివారం రాత్రి పదకొండు. అప్పటికి క్రేను సింహాచలం పోయి దాదాపు ఏడు గంటలు అయింది. అతని రికార్డులో ఒక్క క్షణం కూడా తెగలేదు.

ఆ రికార్డు సరిగ్గా రెండు రోజులది. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం నాలుగూ పది దాకా. గీత చదునయ్యాక పన్నెండు సెకన్లకు ఆసుపత్రి యంత్రం తనంతట తానే రికార్డు ముగించింది. బ్యాంకు పంపు అది అయిపోగానే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేది. రోజు విడిచి రోజు, నాలుగూ పదికి, ఏడో సీసాలో సింహాచలం చచ్చిపోతున్నాడు.

వరహాలు ఎవరికీ చెప్పకుండా తప్పు దిద్దింది. చివరి ఆరు గంటలూ తీసేసి, ఆ జాగాలో అంతకుముందరి ఆరు గంటలు అతికించింది. శనివారం పైడితల్లి వచ్చి విని వెళ్లాక, సీసా ముందు కూర్చుని నాలుగయ్యేదాకా ఎదురుచూసింది. నాలుగూ పది అయింది. ఈసారి పంపు ఆగలేదు. తోస్తూనే ఉంది. రేకులు మాత్రం గట్టిగా మూసుకుని, ఆ తోపుకు ఎదురుగా బిగుసుకుని, పన్నెండు సెకన్లు తెరుచుకోలేదు.

అవి నేర్చేసుకున్నాయి.

చెప్పి ఉండాల్సింది. ఆ మాట తరువాత ఆమె తనకు తాను ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. అనుమానం ఉన్న వాల్వును పసుపు సంచిలో పారెయ్యాలన్నది మృణాళిని నియమం. పారేస్తే ఆ కొలతలో ఇంకొకటి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి చందన మొదటి మెట్టు మీద కూర్చుని ఉంది. పైకి ఎక్కలేక అమ్మ కోసం ఆగింది. వరహాలు ఫైలు మూసేసింది. గుండెలోకి వెళ్లాక ఆ గుండె ఎలా ఆడిస్తే అలా ఆడుతుందిలే, వాల్వు ఎంత, దాని బతుకెంత అని తనకు తాను సర్దిచెప్పుకుంది.

ఆపరేషను చక్కగా జరిగింది. అయిదో రోజుకు చందన పెదవులు ఎర్రబడ్డాయి. పదో రోజున క్వార్టర్సు మెట్లు ఆగకుండా ఎక్కింది. వరహాలు భర్త చిట్టిబాబు డాక్‌యార్డులో అందరికీ మిఠాయి పంచాడు. ఆ రాత్రి కూతురి ఛాతీ మీద చెవి పెట్టినప్పుడు కంఠతా వచ్చిన చప్పుడే వినిపించింది. వరహాలు ఆనందంతో ఏడ్చింది.

మూడో వారంలో ఆ చప్పుడు మారింది. అయిదు అడుగులు సమంగా, ఆరోది సగంలో తప్పి, ఏడోది బరువుగా. అయిదు నెలలు ఏడో సీసాలో విన్న నడక. వరహాలు చెవి తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసింది. తన కూతురి ఛాతీలో రేవు మనిషి నడుస్తున్నాడు. కూతురి చప్పుడు ఎక్కడా లేదు.

"తలుపు ఇంటిని నడిపించదు కదా వరహాలూ, ఇల్లే తలుపును తెరుస్తుంది," అంది మృణాళిని. అంటూనే ఈసీజీ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఏడో సీసా రికార్డు తెమ్మంది. వరహాలు తను అతికించిన రికార్డే తెచ్చిచ్చింది. అందులో చావు లేదు. మృణాళిని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఇలా జరగకూడదే," అని తనలో తాను అనుకుంది. వచ్చే వారం పిల్లకు రెండు రోజులపాటు మానిటరు పెడదామంది.

ఆ వారమే బుధవారం సాయంత్రం జడ వేస్తుంటే చందన తల వరహాలు చేతుల్లోకి వాలిపోయింది. నాలుగూ పది. పన్నెండు లెక్కపెట్టేసరికి కళ్లు తెరిచి, "జడ అయిపోయిందా?" అని అడిగింది. శుక్రవారం మళ్లీ జరిగింది. ఈసారి వేళకు వరహాలు ముందే మంచం మీద పడుకోబెట్టి ఉంచింది. డాక్టరుకు నీరసం అని చెప్పింది. ముందే తెలుసని ఒప్పుకోవడం కంటే ఏదైనా నయమనిపించింది ఆ నాలుగు రోజులూ. భయం మనిషిని ఎంత నీచానికైనా దింపుతుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఏడో సీసా ఖాళీ అయ్యాక కూడా పైడితల్లి శనివారాలు మానలేదు. వాల్వు ఎవరో పాపకు పెట్టారని చెబితే, "పాప బాగుందేటి?" అని ఒక్కటే అడిగింది. తరువాత వచ్చి మెట్ల మీద పదిహేను నిమిషాలు కూర్చుని వెళ్లేది. అది చూడలేక ఆ శనివారం ఊడ్చే ఆమె నోరు జారింది. వరహాలమ్మగారి కూతురికే పెట్టారు, తెలీదా అంది.

మరునాడు ఆదివారం. మూడున్నరకు పైడితల్లి తాటిముంజెల సంచితో క్వార్టర్సు గుమ్మంలో నిలబడింది. చిట్టిబాబు రెండో షిఫ్టుకు వెళ్లాడు. అవాళ మళ్లీ ఆ రోజే. వరహాలు గడియారం చూసి, ఆమెను చూసి, గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయింది.

"పిల్ల పడుకుందప్పా. రేపు రా."

"లోపలికి రానీ సెల్లీ. ఒక్కసారి ఇని ఎల్లిపోతాను. ఇంకెప్పుడూ అడగను."

లోపలి నుంచి చందన, "ఎవరమ్మా?" అంది. ఇక కాదనడానికి లేకపోయింది.

పైడితల్లి పిల్లను చూసి కంగారు పడలేదు, ఏడవలేదు. ముంజెలు ఒలిచి ఇస్తూ, పిల్ల గుండెలో ఉన్నది తన మొగుడి వాల్వేనని చెప్పింది. తిన్నాక, "నీ ఈపు మీద సెవి ఎట్టనా అమ్మా?" అని అడిగింది. చందన నవ్వి వెనక్కి తిరిగి కూర్చుంది. తీగ లేదు, మైకు లేదు. వరహాలు గోడకు ఆనుకుని నిలబడి గడియారం చూస్తోంది. నాలుగు దాటి మూడు నిమిషాలు.

"మా మావే," అంది పైడితల్లి కళ్లు మూసుకుని. "క్రేను దిగి మెట్లెక్కి వొచ్చినట్టుగా ఉన్నాది."

"మీ ఆయన నాలాగే నడిచేవారా అత్తా?" అంది చందన.

"కాదమ్మా. మా మావ కుంటేవోడు." పైడితల్లి కాసేపు విన్నది. ఆమె నొసలు ముడిపడింది. "ఇది శనోరాలు ఇన్న నడక కాదు సెల్లీ. ఇంత మెల్లగా ఎప్పుడూ లేదు. ఇలాగ ఒక్క రోజే ఇన్నాను. ఆఖరు రోజు ఐసీలోకి నన్ను రానిచ్చినారు. గుండె మీద తలెట్టుకుని కూకున్నాను. ఇదే నడక."

"అమ్మా, కళ్లు తిరుగుతున్నాయి," అంది చందన.

వరహాలు పిల్లను పడుకోబెట్టింది. కాళ్ల కింద పెట్టడానికి రెండు దిండ్లు ముందే మంచం పక్కన సిద్ధంగా ఉన్నాయి. పైడితల్లి ఆ దిండ్లకేసి చూసింది. తరువాత వరహాలు మొహంకేసి చూసింది.  వంగి చందన ఛాతీ మీద చెవి పెట్టింది.

నాలుగూ పదికి చందన మొహంలో రంగు పోయింది. వరహాలు పైకే లెక్కపెడుతోంది. ఒకటి. రెండు. మూడు. 

"మావా," అంది పైడితల్లి, పిలిచినట్టుగా కాకుండా గుర్తుపట్టినట్టుగా.

ఏడు. ఎనిమిది. ఇంతకుముందెప్పుడూ అంత పొడవు అనిపించలేదు. పన్నెండు అనేసరికి ఏమీ కాలేదు. పదమూడు. వరహాలు నోట్లోంచి పద్నాలుగు రాలేదు. అప్పుడు చందన ఒక్క పెద్ద ఊపిరి తీసుకుని కళ్లు తెరిచింది. పైడితల్లి ఇంకా చెవి తియ్యలేదు. గుండె, రికార్డులోని ఆ శుక్రవారం సాయంత్రం నుంచి మళ్లీ చురుగ్గా నడక మొదలుపెట్టింది.

చందన అలసటతో నిద్రలోకి జారాక ఇద్దరూ వంటింట్లోకి వెళ్లారు. ఇక దాచడానికి వరహాలుకు ఓపిక లేదు. చీటీ సంగతి, ఇద్దరు సింహాచలాల సంగతి, అతికించిన రికార్డు, మూసుకున్న రేకులు, ఫైలు మూసెయ్యడం, అంతా చెప్పింది. నేల మీద కూర్చుని చెప్పింది. తిడుతుందనుకుంది. తిట్టినా కొట్టినా బాగుండుననిపించింది.

పైడితల్లి ఆమె ఎదురుగా కూర్చుని అడిగింది. "నాను శనోరం వొచ్చి ఎలాగున్నాడంటే, బాగున్నాడని సెప్పేదానివి."

"ఊఁ."

"ఆ అయిదు నెలల్లో ఎన్ని సార్లు సచ్చిపోనాడు?"

వరహాలు వేళ్ల మీద లెక్క వేయాల్సిన పనిలేదు. ఆ లెక్క ఆమెకు ఎప్పటికప్పుడు తెలుసు. "డెబ్బై అయిదు సార్లు," అంది.

"దగ్గిర ఎవులూ లేకండా."

"లేరప్పా. నేను చూసింది నాలుగైదు సార్లే."

పైడితల్లి తల పంకించింది. ముంజెకాయల తొక్కలు ఏరి సంచిలో వేసుకుంది. "ఇప్పుడు పిల్లకి మందుందేటి?"

"ఉంది. ఛాతీలో చిన్న మిషను పెడతారు. గుండె అది చెప్పినట్టు కొట్టుకుంటుంది. ఆగనివ్వదు. కానీ..." వరహాలు ఫోను కేసి చూసింది. ఈ మాట చెప్పకుండా ఫోను చేసెయ్యొచ్చు. ఇప్పటికి దాచినవి చాలనుకుంది. "కానీ అది పెడితే మీ ఆయన నడక పోతుందప్పా. చందనలో ఉండదు. సీసాలో లేదు. రికార్డులో ఉన్నది నేను అతుకులేసిన గీతలే. ఇక ఎక్కడా ఉండదు."

గది లోపల చందన నిద్రలో ఒత్తిగిల్లిన చప్పుడయింది. పైడితల్లి అటు చూసింది. లేచి వెళ్లి మరొకసారి వింటుందేమో అనుకుంది వరహాలు. ఆమె లేవలేదు.

"డాక్టరమ్మకి ఫోను సెయ్యి," అంది. "ఎల్లుండి దాకా ఆగొద్దు. ఇంక మా మావని ఒక్కసారి సావనియ్యి."

వరహాలు ఫోను తీసి నంబరు నొక్కింది. పైడితల్లి ఆమె చేతిని పట్టుకుని, ఫోను మోగి అవతల మనిషి పలికేదాకా వదల్లేదు.